కిటికీ వైపు చెంప

నేను సంచి సర్దడం మొదలుపెట్టేసరికి ప్రయాణానికి ఇంకా నలభై రెండు రోజులుంది. అడుగున రెండు తువ్వాళ్ళు పరిచాను. వాటి మీద నాలుగు జతల బట్టలు, ఒక శాలువా, దువ్వెన, సూదీ దారం, జ్వరం మాత్రలు, కడుపునొప్పి మాత్రలు, ఆ మాత్రలు పడకపోతే వేసుకునే మాత్రలు. పక్క జేబులో టార్చి లైటు. దాని బ్యాటరీలు అయిపోతాయేమోనని ఇంకో రెండు బ్యాటరీలు.

మా చెల్లి డ్యూటీ దిగి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే చూసింది.

"అక్కా, నా బ్రష్షేది?"

"సంచిలో ఉంది."

"మరి ఈ నలభై రోజులూ దేంతో తోముకోను? వేలితోనా?"

"కొత్తది కొనిస్తాలే."

"ఆ కొత్తదేదో సంచిలో పెట్టొచ్చు కదా తల్లీ!"

నిజమే. కానీ సర్దిన సంచి మళ్ళీ విప్పాలంటే నాకు చేతులు రావు. మా అమ్మ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు సంచి సర్దింది నేనే. దుప్పటి పెట్టడం మర్చిపోయాను. అప్పుడు నాకు పదహారేళ్ళు, చెల్లికి ఏడాదిన్నర. అమ్మ తిరిగి రాకపోవడానికి దుప్పటి కారణం కాదని ఇప్పటికీ ఏడాదికోసారైనా ఎవరో ఒకరు నాకు చెప్పాల్సి వస్తుంది. ఎక్కువగా చెల్లే చెబుతుంది.

ఆ చెల్లే ఇప్పుడు వెళ్తోంది. దానికి యాభై అయిదేళ్ళు. ఇరవై ఏడేళ్ళుగా సిటీ బస్సు నడుపుతోంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే "టైము సరిపోలేదు, సిగ్నళ్ళ దగ్గరే అయిపోయింది" అనేది. అలాంటిది మూడేళ్ళ క్రితం ఒకాయన రోజూ ఉదయం ఎనిమిదీ పదికి దాని బస్సెక్కి, ముందు సీట్లో కూర్చోవడం మొదలుపెట్టాడు. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేవాడు. మేమిద్దరం ఆయన్ని "కళ్ళజోళ్ళాయన" అనే పిలుచుకునేవాళ్ళం. మొదటి ఏడాది "నమస్తే" అన్నాడు. రెండో ఏడాది వాతావరణం గురించి మాట్లాడాడు. మూడో ఏడాది, ఆరు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో సొంతంగా షాపు పెట్టుకుని వెళ్ళిపోతూ, దిగే ముందు మెట్టు మీద ఆగి, "ఇకనుంచి ఉదయాలు ఎలా గడుస్తాయో తెలియట్లేదండీ" అన్నాడట. వెనకున్న బస్సు హారన్ కొడుతోందట. మా చెల్లి "నంబరివ్వండి" అందట.

అప్పట్నుంచి ఫోన్లు. ఇప్పుడు, వచ్చి షాపూ ఇల్లూ చూడమనీ, నచ్చితే రిజిస్టరు ఆఫీసులో సంతకాలు పెట్టేద్దామనీ ఆయన అడిగాడు. ఆ ఊళ్ళో కూడా డిపో ఉంది, బదిలీ దొరుకుతుంది.

చెల్లి బ్రష్షు కోసం సంచిలో చెయ్యి పెట్టింది. బ్రష్షుతో పాటు చేతి అద్దం కూడా వచ్చింది. అది అద్దం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి తల పక్కకి తిప్పింది.

"అక్కా, ఆయన నన్ను ఈ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ప్రయాణికులంతా డ్రైవరుకి ఒకే పక్క ఉంటారు. ఆ పక్క చెంప దానిది నున్నగా, చిన్నప్పటిలాగే ఉంది. రెండో చెంప ఇరవై ఏడేళ్ళు కిటికీలోంచి పడే ఎండలో ఉంది. కణత నుంచి దవడ దాకా టీ చుక్కలు చిలికినట్టు మచ్చలు. వాటి మధ్య చర్మం కూడా ఒకచోట నల్లగా, ఒకచోట గోధుమరంగులో.

"బస్సులో అద్దం ఉంటుందిగా, కనబడలేదా?"

"అద్దంలో కనబడేది నా కళ్ళే. అవి బాగానే ఉన్నాయిగా!"

"ఆయన షాపు సరుకు కోసం వచ్చినప్పుడు డిపో క్యాంటీన్లో టీలు తాగారు కదే ఇద్దరూ?"

"గోడ పక్క కూర్చున్నా."

"వీడియో ఫోన్లో?"

"ఫోను పంచదార డబ్బాకి ఆనించి పక్కకి కూర్చుంటా. నాకు మెడ పట్టేసిందనుకుంటున్నాడు. నూనె రాసుకోమని రెండుసార్లు చెప్పాడు."

నేను పగలబడి నవ్వాను. అది నవ్వలేదు.

"నవ్వకే. ఆయన పనేంటి? రోజంతా మనుషుల మొహాలకి జానెడు దూరంలో కూర్చుని చూడటం. అలాంటాయనకి సగం మొహం చూపించి మూడేళ్ళు నడిపించా. మిగతా సగం చూసి ఆయన మొహంలో ఏ కొంచెం మార్పొచ్చినా నాకు తెలిసిపోతుంది. అది తెలిశాక ఇంక అక్కడ కూర్చోలేను."

అంతవరకు దాని పెళ్ళంటే నాకు లోపల గుబులే. కానీ దాని మొహం అలా వాడిపోతే నేను చూడలేను. పైగా మరకలంటే నాకు తెలియనివి కావు. ముప్పై రెండేళ్ళు నేను లాండ్రీలో చేసింది అదే పని: మరకలు తీయడం. సిరా, తుప్పు, గ్రీజు, రక్తం, వైన్. ఏ మరకకి ఏ మందో, ఎన్ని నిమిషాలో, నన్నడిగాకే మిగతావాళ్ళు చెయ్యి పెట్టేవాళ్ళు.

"నలభై రోజులుంది కదా. నీ చెంప నాకు వదిలెయ్," అన్నాను.

దాని సెలవు రోజున ఇద్దరం మా వీధి చివరి మందుల షాపుకి వెళ్ళాం. అక్కడ గోడ పొడుగునా ఒక అలమారు నిండా మొహానికి రాసే సీరంలే. చుక్కలమందు సీసాల్లాంటి చిన్న సీసాలు. షాపులో ఉండే అమ్మాయి దగ్గరికొచ్చి, "ఏం కావాలి పెద్దమ్మా, నేను చూపించనా?" అంది.

"వద్దమ్మా, మాకు తెలుసు," అన్నాను.

నేను చదువు నేర్చుకున్నదే ఇలాంటి అక్షరాల మీద. బడికి వెళ్ళలేదు. ఇరవై ఒకటో ఏట, చొక్కాల కాలరు లోపల కుట్టే గుడ్డ పట్టీలు చూసి చూసి ఒక్కో అక్షరం పట్టుకున్నాను. నా అంతట నేను చదివిన మొదటి వాక్యం "వేడి నీళ్ళలో ముంచరాదు." అప్పట్నుంచి చిన్న అక్షరాలు కనిపిస్తే వదలను. ఆ రోజు కళ్ళజోడు పెట్టుకుని ప్రతి సీసా తిప్పి తిప్పి చదివాను. ఆ కళ్ళజోడు కూడా కళ్ళజోళ్ళాయన చేసిచ్చిందే. ఆయన కళ్ళ పడకూడదనుకున్న మచ్చల కోసం ఆయన చేసిన అద్దాల్లోంచే వెతుకుతున్నామని మా చెల్లి గుర్తుచేసింది. ఇద్దరం అలమారు పట్టుకుని నవ్వాం.

"ఇది చూడవే, విటమిన్ సి. రంగు బాగుంది," అంది చెల్లి.

"తెల్ల సీసాలో ఉంది. వెలుతురికి విరిగిపోయే సరుకు తెల్ల సీసాలో పోస్తారా ఎవరైనా? మా పెరాక్సైడు ఎప్పుడూ ముదురు సీసాలోనే ఉండేది. పెట్టెయ్."

"ఇదిగో, ఇందులో బంగారు రేణువులున్నాయట."

"మచ్చలు తీయిస్తున్నావా, చెంపకి నగ చేయిస్తున్నావా?"

"ఇదైతే ఏడు రోజుల్లో మచ్చలు మాయం అంటోంది."

"నీ మచ్చ చూసిందా అది? బట్ట చూడకుండానే మరక పోతుందని చెప్పేవాణ్ణి మా లాండ్రీలో ఒక్క పూట కూడా ఉంచుకోలేదు."

చివరికి నేను ఎంచుకున్నది గ్లైకాలిక్ యాసిడ్ సీరం. ముదురు సీసా, పేరులోనే యాసిడ్. తుప్పు మరకలకి మేం వాడిందీ ఓ రకం యాసిడే కాబట్టి ఆ మాట చూడగానే నాకు పాత స్నేహితురాలు కనబడినట్టయింది. బిల్లు వేస్తూ షాపమ్మాయి ఏదో చెప్పబోయింది. "అన్నీ చదివానమ్మా," అన్నాను.

చదివానన్నది అబద్ధం కాదు. లోపల మడిచిపెట్టిన కాయితం కూడా చదివాను. రాత్రిపూట మాత్రమే రాసుకోవాలనీ, ఎండ తగలనివ్వకూడదనీ అందులో ఉంది. కానీ తయారుచేసేవాళ్ళ హెచ్చరికలు నాకు కొత్తా? "డ్రై క్లీనింగ్ మాత్రమే" అని పట్టీ కుట్టిన బట్టలు కొన్ని వేలు నేను నీళ్ళలో ముంచాను. ఒక్కటీ చెడలేదు. రేపు ఎవరైనా గొడవకొస్తే తప్పించుకోవడానికి రాసుకునే మాటలవి అని మా లాండ్రీలో అందరికీ తెలుసు.

మొదట చెవి వెనక ఒక చుక్క రాసి రెండు రోజులు చూశాను. బట్టకైతే లోపలి అంచు మీద చూస్తాం. ఏమీ కాలేదు. దాంతో ధైర్యం వచ్చింది. ఆ వారం దానికి మధ్యాహ్నం డ్యూటీ. ఉదయం పూట మంచి వెలుతుర్లో చెంపకి సీరం రాసి, పది నిమిషాలాగి కడిగి, మేడ మీదికి తీసుకెళ్ళి కుర్చీ వేసి, కిటికీ వైపు చెంప ఎండకి పెట్టి కూర్చోబెట్టాను.

"అక్కా, ఇవి ఎండకే కదే వచ్చాయి?"

"ఊరుకో. మందు పెట్టి ఉతికిన బట్ట నీడలో ఆరేస్తే పసుపు ఛాయ మిగిలిపోతుంది. ఎండలో ఆరేస్తేనే తెల్లబడేది."

"నేను దుప్పటిని కాదే!"

"కదలకు. ఇరవై నిమిషాలు."

అలా మూడు రోజులు. మూడో రోజు సాయంత్రానికి చెంప ఇస్త్రీపెట్టె తగిలినట్టు ఎర్రబడింది. నాలుగో రోజుకి ఆ ఎరుపు మధ్యలో టీ రంగు మచ్చలు కాఫీ రంగుకి దిగాయి. చెల్లి అద్దం ముందు నిలబడి వేలితో చూపించింది.

"ఇది డిపో. ఇది మార్కెట్టు. ఇది రైల్వే గేటు. ఇక్కడ పది నిమిషాలు ఆగుతాం. నా రూటు మొత్తం వేసిచ్చావు కదే అక్కా."

జోకు వేస్తూనే ఏడ్చేసింది. నేను మంచం మీద కూర్చుండిపోయాను. ముప్పై రెండేళ్ళలో నా చేతిలో ఒక్క బట్ట చెడలేదు. చెడిందేదో నేను ఎత్తుకుని పెంచిన పిల్ల చెంప.

ఇద్దరం షాపుకి పరిగెత్తాం. చెల్లి కొంగు చెంపకి అడ్డం పెట్టుకుంది. షాపమ్మాయి కొంగు తీసి చూసి, నా వైపు చూసింది.

"ఎండలో కూర్చోబెట్టారా?"

"ఇరవై నిమిషాలే," అన్నాను.

"పెద్దమ్మా, అంట్లు తోమే పీచుతో కళ్ళు తుడిచినట్టుంది మీరు చేసిన పని." కానీ ఆ పిల్ల మంచిది. స్టూలు వేసి కూర్చోబెట్టింది, నాకు మంచినీళ్ళిచ్చింది, అన్నీ ఓపిగ్గా చెప్పింది. యాసిడ్ పైపొరని పల్చన చేస్తుంది, ఆ పల్చటి చర్మానికి ఎండ రెట్టింపు తగులుతుంది. చర్మం తనని తాను కాపాడుకోవడానికే ఆ రంగు తయారుచేసుకుంటుంది. "అది పైనుంచి పడ్డ మరక కాదు పెద్దమ్మా, లోపల్నుంచి వేసుకున్న గొడుగు." రెండు వారాలు మామూలు క్రీము తప్ప ఏమీ వద్దు. పగలంతా సన్‌స్క్రీన్, రెండు గంటలకోసారి, కిటికీ అద్దం మూసున్నా సరే, ఎందుకంటే నల్లబరిచే ఎండ అద్దంలోంచి కూడా వస్తుంది. తర్వాత నియాసినమైడ్ సీరం, మెత్తగా పనిచేసేది. అది పడ్డాక విటమిన్ సి, అది కూడా సీసాలో గోధుమరంగుకి తిరిగితే పారేయాలి. ఏ మచ్చ అయినా అంచు మారినా, పెరిగినా డాక్టరుకి చూపించాలి.

"ఎన్నాళ్ళకి పోతాయమ్మా?" అంది చెల్లి.

"తేడా తెలియడానికే మూడు నెలలు. పూర్తిగా పోతాయని మాత్రం నేను చెప్పను."

ప్రయాణానికి అప్పటికి ముప్పై నాలుగు రోజులుంది.

ఇంటికి వస్తూ మెట్ల మీద నేనే అన్నాను: "మూడు నెలలు వాయిదా వెయ్యరాదూ? చెంప బాగయ్యాకే వెళ్దువుగాని."

అది వెంటనే తలూపింది. ఫోన్ చేసింది, వీడియో లేకుండా. డిపోలో సెలవు దొరకలేదని చెప్పింది. ఆయన "అలాగేనండి" అన్నాడు. "మేడ మీద గదికి రంగు వేయించాను. అప్పటికి వాసన పోతుందిలెండి," అన్నాడు. చెల్లి నవ్వి ఫోన్ పెట్టేసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడుగుతూ నిలబడింది.

నాకు మాత్రం, దాచుకోవడమెందుకు, తర్వాతి నాలుగు రోజులూ ఒళ్ళు తేలిపోయింది. కడుపునిండా తిన్నాను. మధ్యాహ్నాలు కునుకు పట్టింది. మూడు నెలలంటే తొంభై రోజులు, తొంభై రోజుల్లో ఏమైనా కావచ్చు, ఆయనే విసిగిపోవచ్చు. అలా అనుకుంటూ పాటలు కూడా పాడాను. ఐదో రోజు దాని యూనిఫాం ఇస్త్రీ చేస్తుంటే తట్టింది, ఇంట్లో నేనొక్కదాన్నే పాడుతున్నానని. డ్యూటీకి వెళ్ళేటప్పుడు మెట్లు దిగుతూ ఈల వేసే మనిషి అది. నాలుగు రోజులుగా చెప్పుల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

మా లాండ్రీలో ఒక పద్ధతి ఉండేది. ఎంత చేసినా పోని మరకలుంటాయి. ఇంకా గట్టిగా పడితే మరకతో పాటు బట్టా పోతుంది. అలాంటి బట్టకి ఒక చిన్న చీటీ గుండుసూదితో గుచ్చి పంపేవాళ్ళం. ఆ చీటీలు రాయడం నా పని. రాయడం నాకు వచ్చిందే వాటితో. చొక్కా తీసుకోవడానికి వచ్చినవాళ్ళు కౌంటరు దగ్గర నిలబడి చీటీ చదివేవాళ్ళు. కొందరు మూతి తిప్పేవాళ్ళు, కొందరు నిట్టూర్చేవాళ్ళు. అందరూ బట్ట చంకన పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు. ముప్పై రెండేళ్ళలో చీటీ చదివి చొక్కా వదిలేసి వెళ్ళినవాడు ఒక్కడే. అదీ మరక వల్ల కాదు, ఈలోగా వాడు లావెక్కాడు.

ఇస్త్రీ ఆపేసి కాయితం ముక్క మీద రాశాను: "మా చేతనైనంత తీశాం. ఇంతకు మించి తీస్తే బట్ట దెబ్బతింటుంది. బట్ట మంచిది, ఇంకా చాలా ఏళ్ళు వస్తుంది." చివరి వాక్యం లాండ్రీది కాదు, నాది. దాన్ని యూనిఫాం జేబుకి గుచ్చాను.

చెల్లి తొడుక్కోబోతూ చూసింది. చదివింది. మళ్ళీ చదివింది. ఆ చీటీలు దానికి తెలుసు. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని వాటికి గుండుసూదులు అందించింది అదే.

"వాయిదా వెయ్యమన్నది నువ్వే కదే?"

"నేనే."

"ఎందుకూ?"

"నువ్వు వెళ్ళకూడదని."

"తెలుసు," అంది చెల్లి.

"తెలిసే వేశావా?"

"నాకూ భయమేగా. నీ భయం దొరికింది కదాని నా భయాన్ని దాని వెనక దాచా." గుండుసూది తీసి చీటీ మడిచి జేబులో పెట్టుకుంది. "సంచి సర్దే ఉంది కదా?"

"బ్రష్షుతో సహా."

అది నవ్విన నవ్వుకి పక్కింటివాళ్ళ కుక్క మొరిగింది.

వెంటనే ఫోన్ చేసింది, సెలవు దొరికిందని. అవతల ఆయన ఎంత గట్టిగా "అబ్బా!" అన్నాడో నాకు ఇస్త్రీ బల్ల దగ్గరికి వినబడింది. తర్వాత మేమిద్దరం కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. ముందు అనుకున్న సోమవారమే వెళ్తుంది. గురువారానికి తిరుగు టికెట్టు ముందే కొని ఉంచుకుంటుంది. వెళ్ళగానే, బస్సు దిగగానే, కిటికీ వైపు చెంపే ముందు చూపిస్తుంది. ఆయన మొహంలో ఏ కొంచెం తేడా వచ్చినా గురువారం నాలుగూ ఇరవై బస్సులో దిగుతుంది. నేను ఒక్క మాట అడగకూడదు, అన్నం పెట్టాలి.

"రాకపోతే?" అన్నాను.

"రాకపోతే అడుగు, ఎన్ని కావాలంటే అన్ని," అంది.

మిగిలిన ఇరవై తొమ్మిది రోజులూ మా ఇల్లు ఆసుపత్రి కాదు, నాటకం కంపెనీ. పొద్దున్నే అది కుర్చీలో కూర్చునేది, నేను కళ్ళజోడు పెట్టుకుని సన్‌స్క్రీన్ రాసేదాన్ని. మొదటి రోజు మరీ ఎక్కువ రాశాను. డిపోలో "ఏంటి, ఇంటికి సున్నం వేస్తున్నారా?" అని అడిగారట. రెండు గంటలకోసారి రాసుకోమంటే, అది చివరి స్టాపులో బస్సాపి అద్దం చూసుకుని రాసుకునేది. ప్రయాణికులు ముందు నవ్వారు, తర్వాత ఒకావిడ "ఏ కంపెనీదండీ?" అని అడిగింది, ఆ వారంలో ముగ్గురు రాసుకోవడం మొదలుపెట్టారు. రెండు వారాలయ్యాక షాపమ్మాయి మా ఇద్దర్నీ కూర్చోబెట్టి నియాసినమైడ్ సీరం ఎంచి ఇచ్చింది. ఈసారి నేను ఆ పిల్ల చెప్పేదాకా సీసా ముట్టుకోలేదు. రెండే చుక్కలు, తట్టాలి, రుద్దకూడదు. రుద్దడం అలవాటైన చేతులకి తట్టడం నేర్పడం ఎంత కష్టమో! "అక్కా, అది చెంప, చొక్కా కాలరు కాదు," అని రోజూ అరిచేది.

వెళ్ళే సోమవారానికి ఎరుపు పోయింది. కాఫీ మళ్ళీ టీ అయింది. దవడ దగ్గర రెండు చుక్కలు పాలు ఎక్కువ పోసిన టీ అయ్యాయేమో అని నాకనిపించింది. అంతే. మచ్చలు మచ్చల్లాగే ఉన్నాయి.

బస్‌స్టాండులో అది ప్రయాణికురాలిలా కూర్చోవడం నేను మొదటిసారి చూశాను. డ్రైవరు గేరు వేయగానే, "క్లచ్ పూర్తిగా తొక్కవయ్యా, పాపం బండి!" అంది. అతను దాని పాత డిపో మనిషే. "మేడం, ఈ ఆరు గంటలూ మీరిలాగే మాట్లాడతారా?" అన్నాడు. బస్సు కదిలింది. నేను చెయ్యూపాను. మలుపు తిరిగాక కూడా ఊపుతూనే ఉన్నానని పక్కనున్నావిడ చెబితే తెలిసింది.

మంగళవారం పొద్దున ఫోనొచ్చింది.

"అక్కా, చూశాడు."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"దిగీ దిగగానే ఈ చెంప తిప్పా. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, ఇంకో అడుగు దగ్గరికొచ్చి, బాగా చూశాడు. నా గుండె బస్సు కింద పడినట్టయింది."

"ఏమన్నాడే?"

"చెవి దగ్గర క్రీము సరిగ్గా అంటలేదండీ, తెల్లగా ఉండిపోయింది అన్నాడు. జేబులోంచి కళ్ళజోళ్ళు తుడిచే మెత్తటి గుడ్డ తీసి తుడిచాడు. బస్‌స్టాండులో అక్కా! అందరి ముందూ!"

"మచ్చల సంగతి?"

"అది నేనే చెప్పా, మూడేళ్ళు దాచానని. ఆయన ఏమన్నాడో తెలుసా? మరి మీ మెడ నొప్పో అన్నాడు. నొప్పి లేదన్నా. హమ్మయ్య అన్నాడు. నిజంగానే కంగారు పడ్డాడట, డాక్టరుతో మాట్లాడి కూడా పెట్టాడట మెడ గురించి!"

ఇద్దరం ఫోనులో ఎంతసేపు నవ్వామో. తర్వాత నేను అడిగాను, గురువారం వస్తావా అని. "చూద్దాం" అంది. దాని వెనక ఎవరో ఈల వేస్తున్నారు. లేదు, ఈల వేస్తున్నది అదే, నాతో మాట్లాడే సందుల్లో.

గురువారం నేను మూడింటికే బస్‌స్టాండుకి వెళ్ళి కూర్చున్నాను. అన్నం వండే వెళ్ళాను, ఒప్పందం ఒప్పందమే. నాలుగూ ఇరవైకి బస్సొచ్చింది. ఒక్కొక్కరూ దిగారు. చివరికి ఆ డ్రైవరే దిగాడు. నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

"మేడం ఎక్కలేదమ్మా. స్టాండు దాకా వచ్చారు. ఇద్దరూ బెంచీ మీద కూర్చుని ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. రెండుసార్లు హారన్ కొట్టా. ఆవిడ చెయ్యి ఊపి, పోనీ పోనీ, క్లచ్ జాగ్రత్త అన్నారు."

"బాబూ, ఒక్క మాట. ఆయన ఆవిడకి ఏ పక్కన కూర్చున్నాడు?"

అతనికి అర్థం కాలేదు. "నువ్వు స్టీరింగు ముందు కూర్చున్నావనుకో," అన్నాను. "ఆయన నీకు ప్రయాణికుల వైపా, కిటికీ వైపా?"

అతను అక్కడే నిలబడి, గాల్లో స్టీరింగు పట్టుకుని, తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"కిటికీ వైపమ్మా."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అతని మొహం దగ్గర్నుంచి చూస్తే అతనికీ అదే చెంప మీద అవే టీ చుక్కలు. సన్‌స్క్రీన్ రాసుకో నాయనా, కిటికీ అద్దం మూసున్నా రాసుకో, ఎండలో మాత్రం ఆరబెట్టకు అని చెప్పాను. అతను బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చి ఇద్దరికి వండింది కూర్చుని నేనొక్కదాన్నే తిన్నాను, బాగా ఆకలేసింది.

ఇప్పుడు నెలకోసారి నేనే ఆ ఊరు వెళ్తున్నాను. మా చెల్లి మాత్రం తిరిగి రాలేదు. అది ఎక్కకుండా వదిలేసింది మే పన్నెండో తారీఖు, గురువారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాల బస్సు.